వంతెన మీద ఎండ, మొహం మీద మంగు

నాకు మంగు వచ్చింది 2017లో, రెండో కాన్పుకి ఆరో నెల నడుస్తుండగా. ముందు పై పెదవి మీద సన్నటి గీత, కాఫీ తాగి మూతి తుడుచుకోనట్టు. నెల తిరిగేసరికి రెండు బుగ్గల మీదా, నుదుటి మీదా గోధుమరంగు మరకలు. "కడుపుతో ఉన్నప్పుడు వస్తుందే, కాన్పయితే అదే పోతుంది" అంది అమ్మ. అక్కకి అలాగే పోయింది కూడా. పాప పుట్టి ఏడాది దాటినా నాది పోలేదు.

మా అత్తయ్యగారి లెక్క వేరు. ఏల్నాటి శని మొదటిసారి పట్టినప్పుడు దాన్ని మంగు శని అంటారు కదా, ఆ మంగూ ఈ మంగూ ఒకటేనని ఆవిడ నమ్మకం. శనిత్రయోదశికి మందపల్లి తీసుకెళ్లి మందేశ్వరస్వామికి తైలాభిషేకం చేయించారు. గుడికి వెళ్లానన్న తృప్తి నాకూ దక్కింది. కానీ ఆ వేళ క్యూలో మూడు గంటలు ఎండలో నిలబడ్డాం. ఆ ఎండ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

తర్వాత వంటింటి వైద్యాలు. జాజికాయని సాన మీద పాలతో అరగదీసి పట్టించాను. శనగపిండి, పసుపు, మీగడ. బంగాళాదుంప చెక్క. తోటలో కలబంద ఎలాగూ ఉంది. వీటివల్ల పెద్దగా చెడిందీ లేదు, బాగుపడిందీ లేదు. ఒక్క నిమ్మరసం మాత్రం నన్ను ముంచింది. నిమ్మరసంలో తేనె కలిపి రాసుకుని, పూర్తిగా కడుక్కోకుండా పెరట్లో బట్టలు ఆరేశాను. రెండు రోజులకి బుగ్గ మీద కాలినట్టు చారలు తేలాయి. నిమ్మరసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలుతుందని, అది మానాక ఇంకా నల్లటి మచ్చ మిగులుతుందని నాకప్పుడు తెలియదు. ఆ చారలు పోవడానికి నాలుగు నెలలు పట్టింది.

నేను బడిపంతులమ్మని. 2019 జూన్‌లో బదిలీ అయింది. మా ఊరు రాజోలు వైపు, బడి అమలాపురం వైపు. రోజూ స్కూటీ మీద పాశర్లపూడి దాకా వెళ్లి, గోదావరి పాయ వైనతేయ మీద వంతెన దాటి, బోడసకుర్రులో దిగాలి. పొద్దున గాలికి గోదావరి మీద హాయిగా ఉంటుంది, మొహానికి ఏం జరుగుతోందో తెలియదు. ఆర్నెల్లు తిరిగేసరికి మంగు రెండింతలయింది. మూడో తరగతి కుర్రాడు ఒకడు నల్లబల్ల దగ్గరికొచ్చి, "టీచరండీ, మీ మొహం మీద మ్యాప్ ఉందండి" అన్నాడు. వాడికి అంతకుముందు వారమే గోదావరి పాయలు గీసి చూపించాను. నవ్వేశాను కానీ ఇంటికొచ్చాక అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను.

ట్యూబు మా ఇంట్లోకి వచ్చింది 2020 జనవరిలో. తోటి టీచరు ఒకావిడ వాడుతోంది, మొహం తళతళలాడుతోంది. మందుల షాపులో ట్యూబు ఖాళీ డబ్బా చూపిస్తే ఇచ్చేశారు. చీటీ అడగలేదు. రాత్రి పూట పల్చగా రాసుకోమన్నారు. ఎన్నాళ్లు అని నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

నాలుగు వారాల్లో మొహం విచ్చుకుంది. ఇది ఒప్పుకోకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది. మంగు సగానికి సగం తగ్గింది, మొహం మొత్తం ఒక ఛాయ తెల్లబడింది, ఉన్న ఒకటీ అరా మొటిమలు కూడా పోయాయి. పెళ్లిలో మా పెద్దమ్మ బుగ్గ పట్టుకుని "ఏం రాస్తున్నావే" అని అడిగింది. మార్చిలో కరోనాకి బడులు మూసేశారు, నేను ఇంట్లోనే. మంగు ఇంకా పల్చబడింది. అదంతా ట్యూబు చలవే అనుకున్నాను. నెలల తరబడి వంతెన ఎక్కలేదన్న సంగతి లెక్కలోకే రాలేదు.

2021లో బడులు తెరిచి మళ్లీ స్కూటీ ఎక్కాక మంగు తిరిగొచ్చింది, ముందుకంటే ముదురుగా. రోజుకి ఒకసారి రాసేది రెండుసార్లు చేశాను. ఒకసారి ఊరెళ్తూ ట్యూబు మర్చిపోయాను. మూడో రోజుకి మొహం ఎర్రగా కందిపోయి, మిరపకాయ రాసినట్టు మంట. మళ్లీ రాయగానే చల్లబడింది. దాంతో ఆ ట్యూబు లేకుండా ఉండలేనని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఏడాది చివరికి బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు దారపు పోగుల్లా కనపడసాగాయి. గడ్డం చుట్టూ చిన్న చిన్న పొక్కులు. చెంపల మీద నూగు పెరిగింది. పొయ్యి దగ్గర నిలబడితే మొహం భగభగ. మంగు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

కోనసీమ కొత్త జిల్లా అయిన ఆ ఏప్రిల్‌లో, 2022లో, ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ వెళ్లాను. చర్మ వైద్యంలో పీజీ చేసిన డాక్టరుగారు, నడివయసు ఆవిడ. తోడుగా అత్తయ్యగారు వచ్చారు. డాక్టరుగారు నా మంగు చూడలేదు ముందు. ఆ ఎర్రనరాలు చూశారు. "ఎన్ని ట్యూబులు వాడారమ్మా?" అన్నారు.

ఎన్నని చెప్పను? నెలకి ఒకటి, తర్వాత రెండు. మనసులో కూడితే ముప్ఫై దాటాయి. అత్తయ్యగారు నా వంక చూశారు, నేను బల్ల వంక చూశాను.

సంచిలోంచి ట్యూబు తీసి ఇచ్చాను. దాని మీద చీమతలకాయంత అక్షరాలు ఆవిడ వేలు పెట్టి నాచేత చదివించారు: హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025 శాతం, మొమెటాసోన్ 0.1 శాతం. మొదటిది చర్మంలో రంగు తయారవకుండా ఆపుతుంది. రెండోది పైపొరని తొందరగా రాల్చి కొత్త పొర తెస్తుంది. మూడోది స్టెరాయిడ్. "ఇది దొంగ మందు కాదు. ఇలాంటి మూడు రకాల మందులు కలిపి మంగుకి వాడొచ్చని 1975లోనే అమెరికాలో క్లిగ్మన్ అనే చర్మ వైద్యుడు రాశాడు. నేను కూడా కొందరికి రాస్తాను. కొద్ది వారాలకి, మళ్లీ చూపించుకోమని చెప్పి. మీరు రెండేళ్లు స్నో రాసినట్టు రాశారు" అన్నారు. మొహం చర్మం అసలే పల్చన, అక్కడ స్టెరాయిడ్ అన్నాళ్లు పడితే ఇంకా పల్చబడి లోపలి నరాలు బయటికి కనిపిస్తాయి, మానేస్తే మండుతుంది, అందుకని మళ్లీ రాస్తాం. ఊరెళ్లినప్పుడు నాకు జరిగింది అదే. ఇలాంటి మొహాలు మన దేశంలో ఎన్ని చూశారో, డాక్టర్లు దీనికి ఒక పేరే పెట్టుకున్నారట. స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకుండా 2018లో కేంద్రం నిబంధన బిగించిందని కూడా ఆవిడే చెప్పారు. నేను కొన్నది 2020లో.

అప్పటినుంచి నాకు ఒక అలవాటు పట్టుకుంది. ఎవరింట్లో మొహానికి రాసే ట్యూబు కనపడినా తిప్పి చదువుతాను. పేరు చివర 'సోన్' అనో 'సాల్' అనో 'నోలోన్' అనో ఉంటే, మొమెటాసోన్, బీటామెథసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్, వెంటనే ఎవరు రాసిచ్చారని అడుగుతాను. చుట్టాలకి నేనంటే కొంచెం విసుగే.

తర్వాత గది చీకటి చేసి, ఊదారంగు వెలుగు ఇచ్చే చిన్న దీపం మొహం దగ్గర పెట్టి చూశారు. వుడ్స్ ల్యాంప్ అంటారు. రంగు చర్మం పైపొరలో ఉంటే ఆ వెలుగులో మచ్చ ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది, లోతు పొరలో ఉంటే అంత తేడా ఉండదు. నాది రెండూ కలిసినదట. "పైది తగ్గుతుంది. లోపలిది తగ్గడానికి చాలా కాలం పడుతుంది, కొంత మిగలొచ్చు. పూర్తిగా పోతుందని మీకు మాటివ్వను" అన్నారు. నాకు ఏడుపొచ్చింది, కానీ అంతవరకు ఎవరూ నాతో ఇంత నిజంగా మాట్లాడలేదు.

ఆ తర్వాత ప్రశ్నలు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? అమ్మకి ఉండేది. థైరాయిడ్ ఉందా? లేదు, అయినా పరీక్ష రాశారు. పిల్లలు పుట్టకుండా మాత్రలు వాడుతున్నారా? పాప పుట్టినప్పటినుంచీ వాడుతున్నాను. ఆవిడ కలం ఆపారు. కడుపుతో ఉన్నప్పుడు మంగు తెచ్చే హార్మోన్ల లాంటివే ఆ మాత్రల్లోనూ ఉంటాయట. అక్కకి పోయి నాకు ఎందుకు పోలేదో ఐదేళ్ల తర్వాత తెలిసింది. స్త్రీల డాక్టరు దగ్గరికి వెళ్లి మాత్రలు ఆపి కాపర్ టీ వేయించుకున్నాను.

"బడికి ఎటునుంచి ఎటు వెళ్తారు?" అన్నది చివరి ప్రశ్న. చెప్పాను. ఆవిడ కాగితం మీద ఒక గీత గీసి, ఒక చివర సూర్యుణ్ణి వేశారు. పొద్దున్న నేను తూర్పుకి వెళ్తాను, ఎండ ఎదురు. సాయంత్రం పడమరకి తిరిగొస్తాను, మళ్లీ ఎండ ఎదురు. పైనుంచి వచ్చేది కాక గోదావరి నీళ్ల మీద పడి తిరిగొచ్చేది ఒకటి. పిల్లలకి దిక్కులు నేర్పేదాన్ని, ఈ సంగతి నాకు మూడేళ్లు తట్టలేదు.

లేచి వచ్చేస్తుంటే డాక్టరుగారు అత్తయ్యగారిని ఆపారు. ఆవిడ మెడ చుట్టూ నల్లగా, మందంగా, ముఖమల్ గుడ్డలా ఉంటుంది. ఏళ్ల తరబడి పీచు పెట్టి రుద్దుతూనే ఉన్నారు, మురికి పట్టిందని. "అది మురికి కాదమ్మా, షుగరు చూపించుకోండి" అన్నారు. చూపిస్తే పరగడుపున 168 వచ్చింది. ఈ ప్రయాణంలో అసలు లాభం నాకా ఆవిడకా అని ఇప్పటికీ అనుకుంటాం. పీచు మానేశారు, రాత్రి అన్నం మానేశారు, మాత్ర వేసుకుంటున్నారు. మెడ కొంచెం పల్చబడింది.

ట్యూబు ఆపే పని వేసవి సెలవుల్లో పెట్టుకున్నాను. బడి ఉంటే ఆ మొహంతో వెళ్లగలిగేదాన్ని కాదు. మొదటి పది రోజులు మొహం వాచి ఎర్రటి దుంపలా అయింది. దురద, మంట, పొలుసులు. రాత్రి తడిగుడ్డ వేసుకుని పడుకునేదాన్ని. డాక్టరుగారు ఇచ్చినవి సబ్బు లేని క్లెన్సర్, వాసన లేని మాయిశ్చరైజర్, స్టెరాయిడ్ కాని ఒక ఆయింట్‌మెంట్, పొక్కులకి కొన్నాళ్లు మాత్ర. మంగుకి ఒక్క మందూ ఇవ్వలేదు. ముందు చర్మం కోలుకోవాలి అన్నారు. రెండుసార్లు బీరువా తెరిచాను, పాత ట్యూబు ఒకటి దాచుకున్నాను అందులో. రెండోసారి మా వారు చూసి, ఏమీ అనకుండా తీసుకెళ్లి పారేశారు. మూడు వారాలు దాటాక రాత్రిళ్లు నిద్ర పట్టింది. రెండు నెలలకి మొహం మామూలు మొహమైంది, మంగుతో సహా.

ఆ రోజుల్లోనే పట్నంలో ఒక బ్యూటీ క్లినిక్ వాళ్లు ఆరు సిట్టింగుల లేజర్ ప్యాకేజీ అని ఫోన్ చేశారు. మా చిన్నాడపడుచు అక్కడ చేయించుకుని ముందుకంటే నల్లటి మచ్చలు తెచ్చుకుంది. మన చాయ చర్మాన్ని వేడి రెచ్చగొడితే అది ఇంకా రంగు పోస్తుందట. నేను వెళ్లలేదు.

జూలైలో బడి తెరిచేముందు రెండు రాసిచ్చారు. రాత్రికి అజెలాయిక్ యాసిడ్ 20 శాతం క్రీము, పగటికి సన్‌స్క్రీన్. అజెలాయిక్ రాస్తే మొదట్లో చీమలు పాకినట్టు చురచురలాడుతుంది, అరగంటలో తగ్గుతుంది. దాని గురించి ఇంకేం చెప్పడానికి లేదు, రాసి పడుకోవడమే. చెప్పాల్సింది సన్‌స్క్రీన్ గురించే.

నేను అంతకుముందూ సన్‌స్క్రీన్ రాశాను, శనగగింజంత. డాక్టరుగారు చూపుడువేలు, మధ్యవేలు చాచి, రెండింటి పొడవునా పిండి చూపించారు. మొహానికి, మెడకి అంత కావాలి. మొదటి రోజు అది రాసుకుని బయటికొస్తే అత్తయ్యగారు "ఏంటే అమ్మాయ్, పిండివంటలు మొదలెట్టావా" అన్నారు. ఎండని ఎంత ఆపుతుందో చెప్పే అంకె, ఎస్‌పీఎఫ్ 50 అని రాసి ఉన్నా, శనగగింజంత రాస్తే ఆ అంకెలో కొద్దిపాటే దక్కుతుందట. పైగా మా కోనసీమ ఉక్కకి అది చెమటతో కారిపోతుంది. రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. బడిలో పదకొండింటికి, మధ్యాహ్నం భోజనాల తర్వాత, సాయంత్రం బయల్దేరేముందు రాస్తాను. యాభై గ్రాముల ట్యూబు మూడు వారాలకి మించి రాదు. నెలకి ఎనిమిది వందల దాకా ఖర్చు. ఇది చిన్న మొత్తం కాదు. పాత ట్యూబుల మీద తగలేసింది గుర్తుతెచ్చుకుని సరిపెట్టుకుంటాను.

తర్వాత రంగు కలిపిన సన్‌స్క్రీన్‌కి మార్చారు. మామూలుది ఎండలో కంటికి కనపడని కిరణాలనే ఎక్కువగా ఆపుతుంది. మన చాయ ఉన్నవాళ్లకి మంగుని కంటికి కనపడే వెలుగు కూడా ముదరబెడుతుంది. దాన్ని ఆపేది ఆ రంగులో ఉండే ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పు జాతిదే. పైగా పిండి పూసినట్టు కనపడదు. చున్నీ మొహానికి చుట్టుకునేదాన్ని కదా అంటే, "చున్నీ ఎత్తి దీపం వైపు చూడండి" అన్నారు. దీపం బాగానే కనపడింది. ఇప్పుడు ముందు రేకు ఉన్న పెద్ద హెల్మెట్, లోపల నేత గుడ్డ. బడి ఆవరణలో నల్ల గొడుగు. ప్రార్థన సమావేశానికి పిల్లల మొహాలు పడమరకి తిప్పి నిలబెట్టమని హెడ్మాస్టరుగారిని ఒప్పించాను. వాళ్లకెదురుగా నిలబడే మా టీచర్ల మొహాలే తూర్పుకి వస్తాయని మర్నాడు పొద్దున్న తెలిసింది. అందుకే గొడుగు.

ఇంకొకటి చెప్పారు: నెలకోసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకి ఫోటో తీసుకోండి, అద్దం రోజూ చూడకండి. ఇది బాగా పనికొచ్చింది. అద్దంలో ఏ మార్పూ లేదనిపించే నెలల్లో ఫోటోలు పక్కపక్కన పెడితే నుదురు తేటపడటం తెలిసింది.

డిసెంబరుకి నుదుటి మీది మచ్చ దాదాపు పోయింది. సంతోషం పట్టలేక సంక్రాంతికి ఒళ్లు మరిచాను. భోగికి ముందు రెండు రోజులు అరిసెల మూకుడు దగ్గర. పొయ్యి సెగ కూడా మంగుకి పడదు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ల రుద్రులు ఒక్కచోట కొలువవుతారు. వాళ్లని నిలిపిన ఎత్తైన ప్రభల్ని భుజాల మీద ఎత్తుకుని వరిచేలకి అడ్డంపడి వస్తుంటే, కౌశిక కాలవలో దిగి దాటిస్తుంటే, సన్‌స్క్రీన్ ఎవరికి గుర్తుంటుంది? పొద్దున్న పదింటినుంచి సాయంత్రం దాకా కొబ్బరితోటలో కంటే గట్టు మీదే ఎక్కువ నిలబడ్డాను. జనవరి నెల ఫోటో, సెప్టెంబరు ఫోటో ఒకేలా ఉన్నాయి.

కాకినాడ వెళ్లి తల దించుకుని కూర్చున్నాను. డాక్టరుగారు తిట్టలేదు, "ఏ ప్రభ బాగుంది?" అని అడిగారు. అప్పుడు మాత్ర మొదలుపెట్టారు, ట్రానెక్సామిక్ యాసిడ్, 250 మిల్లీగ్రాములు, రోజుకి రెండు, మూడు నెలలు. పేరు ఎక్కడో విన్నట్టుంది. నెలసరిలో రక్తం ఎక్కువ పోతుంటే అక్కకి ఇచ్చింది ఇదే. అసలు రక్తం ఆపే మందు, మంగుకి తక్కువ మోతాదులో వాడుతున్నారు. అందుకే రాసేముందు మళ్లీ ప్రశ్నలు: కాళ్లలో రక్తం గడ్డకట్టిందా, ఇంట్లో ఎవరికైనా పక్షవాతం, గుండెపోటు చిన్న వయసులో వచ్చాయా, పిల్లలు పుట్టకుండా వాడే ఆ మాత్రలు నిజంగా మానేశారా? మానకపోతే ఇది ఇచ్చేదాన్ని కాదు అన్నారు. పిక్క వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆపి రమ్మన్నారు. నాకు కొంచెం కడుపులో వికారం తప్ప ఏమీ కాలేదు. రెండో నెల ఫోటోలో బుగ్గలు తేటపడ్డాయి. ఎవరైనా ఆ మాత్ర పేరు నా దగ్గర విని షాపులో కొనుక్కుంటారేమోనని భయం, అందుకే ఆ ప్రశ్నలన్నీ ఇక్కడ రాశాను.

ఇప్పుడెలా ఉంది? నుదురు శుభ్రం. బుగ్గల మీద తెలిసినవాళ్లు వెతికితే కనపడేంత. పై పెదవి మీది గీత మాత్రం ఉంది, ప్రతి మే నెలలో కాస్త ముదురుతుంది, వానలు పడ్డాక పల్చబడుతుంది. బుగ్గ మీద రెండు ఎర్రనరాలు మిగిలిపోయాయి, అవి మంగు పెట్టినవి కావు, నేను పెట్టుకున్నవి.

మొన్న తల్లిదండ్రుల సమావేశం రోజున ఒకావిడ అందరూ వెళ్లేదాకా ఆగింది. రొయ్యల చెరువు దగ్గర పనికి వెళ్తుంది, బుగ్గల మీద నాకు ఉన్నట్టే ఉంది. "మేడంగారండీ, మీ మొహం మీద ఉండేవి కదండీ, ఏం రాశారండి?" అంది. కూర్చోబెట్టి చెప్పాను, ఎండ, గొడుగు, రెండు వేళ్లు, ఆ కుటుంబ నియంత్రణ మాత్రలు, కాకినాడ పెద్దాసుపత్రిలో చర్మం డాక్టర్లు ఉంటారనీ. ఆవిడ అంతా విని తల ఊపింది.

"అది సరేనండి," అంది గొంతు తగ్గించి, "ట్యూబు పేరు చెప్పండి."

బ్యాగు తెరిచి గొడుగు తీసి ఆవిడ చేతిలో పెట్టాను. వద్దండి వద్దండి అంటూనే తీసుకుంది. గేటు దాటేదాకా చూశాను, చంకలో పెట్టుకుని ఎండలోనే వెళ్లింది.